“అయోగ్యముగా”: ఒక క్రియావిశేషణము – దాని చరిత్ర

అచ్యుతాపురం ప్రాంతపు వాడుకలో “ఇది ఆషామాషీ వ్యవహారం కాదు” అను మాట సామాన్యము. ఆషామాషీగా అనగా తేలికగా, పట్టింపు లేకుండా అని అర్థము. ఈ మాట చేసిన మనిషిని గాక, చేసిన తీరును తప్పుపట్టును. 1 కొరింథీయులకు 11:27లోని “అయోగ్యముగా” అను పదమును ఈ వెలుగులో పరిశీలింతము.

పదము

గ్రీకులో విశేషణము “అనక్సియొస్”, క్రియావిశేషణము “అనక్సియోస్”. భేదమంతయు చివరి ఒకార, ఓకారములలోనే ఉన్నది. 6:2లో పౌలు విశేషణమును వాడెను; అది మనుష్యుల అర్హతను గూర్చినది. 11:27లోనిది క్రియావిశేషణము. తెలుగులోను “అయోగ్యుడు” వేరు, “అయోగ్యముగా” వేరు.

సందర్భము

సుమారు క్రీ.శ. 55లో ఈ పత్రిక వ్రాయబడినప్పుడు కొరింథు సంఘములో కొందరు ముందుగా తిని మత్తులై యుండగా పేదలు ఆకలితో నుండిరి. కాబట్టి ఆ దోషము కేవలము పరధ్యానము కాదు. లేనివారిని చిన్నబుచ్చుచు బల్లను తేలికచేయుట.

చరిత్ర

ఈ భేదము మరుగైనప్పుడు భక్తిగలవారే బల్లకు దూరమగుదురు. 1215లో నాలుగవ లాటెరన్ సభ, ఏడాదికొకసారియైనను ఈస్టరు కాలమున బల్లలో పాలుపొందవలెనని విధించెను. 1529లో లూథరు తన పెద్ద ప్రశ్నోత్తరిలో, తాము అయోగ్యులమని వెనుదీయువారిని ధైర్యపరచెను.

మన ప్రాంతమునకు దగ్గరగా విశాఖపట్నములో 1805లో లండన్ మిషనరీలు క్రాన్, దెగ్రాంజ్ సేవ ఆరంభించిరి. ఆనందరాయరు సహాయముతో దెగ్రాంజ్ సువార్తలను తెనిగించెను. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. వాక్యము తెలుగు మాటలలో మనకు చేరినది గనుక, ఆ మాటల వ్యాకరణమును విప్పిచెప్పుట కాపరుల బాధ్యత.

ముగింపు

నేడును మన సంఘములలో “నేను యోగ్యురాలను కాను” అని పాత్రను దాటనిచ్చు తల్లులను చూచుచున్నాము. అదే వరుసలో పొరుగువానితో మాటలేక యేండ్లు గడిపినవారు నిశ్చింతగా తీసికొనుచున్నారు. పౌలు మాట మొదటివారిని ఆపుటకు కాదు, రెండవవారిని మేల్కొలుపుటకు. తన్ను పరీక్షించుకొని తినవలెననెనే గాని (11:28), మానవలెనని అనలేదు. పరీక్ష ఫలితము ఒకరికొరకొకరు కనిపెట్టుట (11:33).

యోగ్యులమై బల్లకు వచ్చువారము మనలో ఎవరును లేము. అయితే ఆషామాషీగా రాకుందుము. రాజాలని వారి చేయి విడువకుందుము.