సుధకు పరిమళం: తుంగభద్రా తీరంలో గ్రంథకర్తృత్వ విచారం

ఆదోనికి, ఎమ్మిగనూరుకు ఉత్తరంగా తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల గ్రామమే నేటి మంత్రాలయం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో అంతర్భాగం. అందువలన ఈ సీమలో తెలుగు పలికే నోటనే కన్నడ దాసుల పదం, సంస్కృత గ్రంథ వాక్యం కూడా సహజంగా వినిపిస్తాయి. ఒకరి భావం మరొకరి గ్రంథంలోకి ప్రవేశించినప్పుడు అది ఎవరి సొత్తు అనే ప్రశ్నను విచారించడానికి ఇంతకంటె అనువైన క్షేత్రం అరుదు. ఇక్కడ పూజలందుకొంటున్న గురుసార్వభౌములు స్వయంగా వ్యాఖ్యాతలు.

శ్రీ రాఘవేంద్ర తీర్థుల ప్రధాన కృతి 'న్యాయసుధా పరిమళం'. దాని స్థానాన్ని గుర్తించాలంటే మూడు మెట్లు దిగాలి. బాదరాయణుల బ్రహ్మసూత్రాలు మూలం. వాటి అర్థనిర్ణయానికి శ్రీ మధ్వాచార్యులు పద్యరూపంలో రచించినది 'అనువ్యాఖ్యానం'. దానిపై శ్రీ జయతీర్థుల బృహద్వ్యాఖ్య 'న్యాయసుధ'. ఆ సుధపై వచ్చినది పరిమళం. అంటే ఇది వ్యాఖ్యకు వ్యాఖ్యకు వ్యాఖ్య. పైగా సుధను వివరించిన మొదటి గ్రంథం కూడా కాదు. అంతకు పూర్వమే శ్రీ వాదిరాజ తీర్థుల 'గుర్వర్థదీపిక' ఉన్నది. కొత్తది చెప్పినవాడే కర్త అనే నేటి కొలమానంతో చూస్తే, నాలుగవ మెట్టుపై కూర్చున్నవానికి మిగిలేది ఏమున్నది?

సంప్రదాయం ఈ ప్రశ్నకు ఒక కథతో సమాధానం చెబుతుంది. కుంభకోణంలో సుధీంద్ర తీర్థుల వద్ద విద్యార్థిగా ఉన్న వేంకటనాథుడు పగలు పాఠం విని, రాత్రివేళ ఒంటరిగా కూర్చొని సుధలోని కఠిన స్థలాలకు వివరణ వ్రాసుకొనేవాడు. ఒకనాటి రాత్రి గురువుగారు వచ్చి చూడగా శిష్యుడు నేలపై నిద్రిస్తున్నాడు. పక్కన తాళపత్రాలు ఉన్నాయి. వాటిని చదివి విస్మితులైన గురువులు తమ శాలువను శిష్యునికి కప్పి, మరునాడు 'పరిమళాచార్య' బిరుదును అనుగ్రహించారు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి. తాను బోధించిన గ్రంథమే శిష్యుని పత్రాలపై ఉన్నా, గురువు ఆ వ్రాతను తన పాఠానికి నకలుగా భావించలేదు. గ్రంథనామం కూడా ఆలోచింపదగినదే. పరిమళం వస్తువును విడిచి ఉండదు. వస్తువు ఎక్కడ ఉన్నదో దూరంగా ఉన్నవానికి తెలిపేది మాత్రం అదే.

కావ్యశాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని ఎన్నడో చర్చించారు. తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' నాలుగవ ఉద్ద్యోతంలో కవుల మధ్య కనిపించే సామ్యాన్ని 'సంవాదం' అని పేర్కొని మూడు విధాలుగా విభజించాడు. అద్దంలోని ప్రతిబింబం వంటిది ఒకటి. దానికి తనదైన ఆత్మ లేదు, కనుక త్యాజ్యం. చిత్రపటం వంటిది రెండవది. దాని ఆత్మ అత్యల్పం, అదీ త్యాజ్యమే. మూడవది తుల్యదేహి. ఇద్దరు మనుషులు ఒకే పోలికతో ఉండవచ్చు, కాని ఎవరి ప్రాణం వారిదే. ఈ సామ్యాన్ని కవి విడువనక్కరలేదని ఆయన నిర్ణయం. అదే శతాబ్దపు కాశ్మీరీ నైయాయికుడు జయంత భట్టు తన 'న్యాయమంజరి' ఆరంభంలో, నూతన వస్తువును ఊహించే శక్తి తనకెక్కడిదని వినయంగా ప్రశ్నించి, మాటల కూర్పులోని వైచిత్ర్యాన్ని మాత్రమే పరిశీలించమని పాఠకుని కోరాడు. ఆయన గ్రంథాన్ని చదివినవారు ఆ మాటను అక్షరాలా నమ్మరు.

వ్యాఖ్యాన పద్ధతి ఈ విషయంలో కావ్యం కంటె కఠినమైనది. వ్యాఖ్యాత మూలంలోని పదాన్ని ప్రతీకగా ఎత్తి చూపి, 'ఇతి' అని ముగించి, ఆ తరువాతనే తన మాటను ఆరంభిస్తాడు. ఎక్కడ మూలకారుని పలుకు ముగిసిందో, ఎక్కడ తన పలుకు మొదలయిందో ప్రతి వాక్యంలోనూ చెప్పక తప్పదు. అప్పు పత్రం వ్రాసి తీసుకొన్న ధనం వంటిది ఈ స్వీకారం. దొంగతనానికి ఇందులో చోటు తక్కువ. మూలవాక్యంలోని ఈ పదం ఎవరి ఆక్షేపాన్ని మనస్సులో ఉంచుకొని పడింది, దీనిని తొలగిస్తే ఏ దోషం వస్తుంది అని చూపడంలోనే వ్యాఖ్యాత ప్రతిభ వెల్లడవుతుంది.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరులో ఈ మాటను గ్రంథసహాయం లేకుండానే గ్రహింపవచ్చు. మగ్గంపై పాత పడుగు అయిపోవచ్చినప్పుడు నేతవారు దానిని పూర్తిగా తీసివేయరు. మిగిలిన కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. వస్త్రం కొత్తదే, దారి మాత్రం పాత పోగులు చూపినది.

ఇందుకు సర్వథా విపరీతమైన అభియోగం కూడా ఈ పరంపర ఎదుర్కొన్నది. పరుల మాటను తనదని చెప్పుకోవడం లోకప్రసిద్ధమైన దోషం. కాని పదహారవ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు 'మధ్వతంత్రముఖమర్దనం'లో ఎత్తిన ఆక్షేపాలలో ఒకటి, మధ్వాచార్యులు ఉదాహరించిన శ్రుతి స్మృతి వాక్యాలలో అనేకం ఇతరులెవరికీ తెలియనివని. అంటే సొంత మాటను ప్రాచీనుల పేరిట చెలామణి చేశారనే శంక. దీక్షితుల గ్రంథానికి 'మధ్వాధ్వకంటకోద్ధారం' రచించి సమాధానం చెప్పిన విజయీంద్ర తీర్థులు సుధీంద్రుల గురువులు, అనగా రాఘవేంద్ర స్వామివారికి పరమగురువులు. వేద శాఖలు అనేకం లుప్తమైనాయని, నేడు కనిపించకపోవడం నాడు లేకపోవడానికి ప్రమాణం కాదని మాధ్వుల వాదం. ఈ వివాదం ఆధునిక పరిశోధకుల మధ్య కూడా చల్లారలేదు. సాధకునికి ఇది తేలికగా దాటిపోదగిన చర్చ కాదు, ఎందుకంటే శబ్దప్రమాణంపై నిలిచిన సిద్ధాంతానికి ఆ శబ్దం ఎవరిదన్నది ప్రాణసమానం. అయితే ఉభయ పక్షాలూ ఒక విషయంలో ఏకీభవించాయి. మధ్వుల మాట ఆయన సొంతమైతే అది ఘనత అని ఎవరూ అనలేదు. నూతనత్వమే అక్కడ నిందగా నిలిచింది.

ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ కాలపు దివాను వెంకన్న కథను కూడా ఇక్కడ స్మరింపవచ్చు. అక్షరజ్ఞానం లేని ఆ బాలుడు నవాబు ఇచ్చిన లేఖను స్వామివారిని తలచుకొని చదివాడని, తరువాత ఆయనే మంచాలలో బృందావన నిర్మాణాన్ని జరిపించాడని ఐతిహ్యం. చదివిన కంఠం వెంకన్నది. చదువు ఎవరిదో భక్తులకు సందేహం లేదు.

శాస్త్రం నుండి దాస సాహిత్యానికి వస్తే స్వీకారం మరింత బహిరంగమవుతుంది. హరిదాసులు తమ పదాల చివర ఉంచే ముద్రను 'అంకితం' అంటారు. దానిని కవి తనకు తాను పెట్టుకొనడు, గురువు ఇవ్వాలి. రాఘవేంద్ర స్వామివారి పేరిట ప్రచారంలో ఉన్న కన్నడ కీర్తనలో 'ధీర వేణుగోపాల' ముద్ర కనిపిస్తుంది. ఆదోనికి దక్షిణాన ఉన్న చిప్పగిరిలో 1755లో దేహత్యాగం చేసిన విజయదాసులకు పురందరదాసులే స్వప్నంలో 'విజయవిఠల' అంకితాన్ని ప్రసాదించారని దాసకూట విశ్వాసం. పురందరదాసులు ఐదు లక్షల కృతులను సంకల్పించి 4,75,000 పూర్తి చేయగా, మిగిలిన 25,000 విజయదాసుల ద్వారా నెరవేరాయని చెప్పుకొంటారు. సంఖ్యను చరిత్రగా గ్రహించనక్కరలేదు. రెండు శతాబ్దాల దూరంలో ఉన్న ఇద్దరు కవుల రచనను ఒకే సంకల్పంగా లెక్కించిన ఆ మనస్తత్వమే అసలు చారిత్రక సాక్ష్యం.

విజయదాసుల శిష్యులు గోపాలదాసులు 'గోపాలవిఠల'. వారి అనుగ్రహం పొందిన మాన్వి జగన్నాథదాసులు 'జగన్నాథవిఠల'. సంస్కృత పండితుడైన జగన్నాథదాసులు మొదట విజయదాసుల దేశభాషా రచనను చిన్నచూపు చూసి వ్యాధిగ్రస్తులయ్యారని, అనంతరం దాసకూటంలో చేరి 'హరికథామృతసారం' రచించారని కథ. ఏ పద్ధతిని తక్కువగా ఎంచారో ఆ పద్ధతిలోనే ఆయన కీర్తి నిలిచింది. ఆదోని సమీపాన కోసిగిలో నివసించిన తరువాతి దాసులు ఒకరు ఆ ముద్రకే 'గురు' శబ్దాన్ని చేర్చి 'గురుజగన్నాథవిఠల' అయ్యారు. ఈ ఉదారతకు మూల్యం కూడా ఉన్నది. పూర్వ దాసుల ముద్రలతో అన్యుల పదాలు కలిసిపోయి, ఏ కీర్తన ఎవరిదో పరిష్కర్తలు నేటికీ తేల్చుకొనలేని స్థితి ఏర్పడింది.

1671లో శ్రావణ బహుళ విదియనాడు స్వామివారు బృందావన ప్రవేశం చేసినప్పుడు ప్రియశిష్యుడు అప్పణాచార్యులు నదికి ఆవలి ఒడ్డున ఉన్నారు. వార్త విని, వరదలో ఉన్న తుంగభద్రను దాటుతూ ఆశువుగా గురుస్తోత్రాన్ని పఠిస్తూ పరుగెత్తారు. వారు చేరేసరికి చివరి శిల అమర్చబడింది. దుఃఖంతో కంఠం పూడుకొని చివరి శ్లోకం అసంపూర్తిగా ఆగిపోగా, మిగిలిన ఏడు అక్షరాలు బృందావనాంతరం నుండి వినవచ్చాయని సంప్రదాయం. ఆ ఏడక్షరాలలో, చెప్పినదంతా సత్యమనుటకు హయగ్రీవుని సాక్షిగా నిలిపారు. స్తుతింపబడినవారే స్తుతిని పూరించారు. నేడు ఆదోని, ఎమ్మిగనూరుల ఇళ్లలో గురువారంనాడు ఆ స్తోత్రాన్ని పఠించేవారు ఆ అతుకు వద్ద ఆగరు. స్తోత్రం మాత్రం అప్పణాచార్య కృతమనే వ్యవహరింపబడుతున్నది.