ఎర్రదీపం వెలిగితే కూర్చోవాలి

ఇంకో రెండు పుల్లలు వెయ్యరా కన్నా, మంట ఆరిపోయేట్టుంది. కాలిఫోర్నియాలో చలేమిటని నవ్వుతారు గానీ, డిసెంబరు రాత్రి ఈ పెరట్లో కూర్చుంటే ఆ సంగతి నా మోకాళ్ళకు తెలుస్తుంది. మీ నాన్న రేపు ఆఫీసులో మాట్లాడాలని పొద్దుటి నుంచీ అద్దం ముందు నిలబడి గొణుక్కుంటున్నాడు, చూశారా? వాణ్ణి చూస్తుంటే నా మంగళవారాలు గుర్తొస్తున్నాయి. మీ నాయనమ్మ కూడా ఒకప్పుడు ఉపన్యాసం కాగితాలు చేతిసంచీలో పెట్టుకుని కారెక్కిన మనిషే. నవ్వకండర్రా, చెబుతా.

మేము ఈ దేశం వచ్చింది 74లో. మీ తాతయ్యకు ఇంజనీరు ఉద్యోగం, శాంటా ఆనా ఊళ్ళో రెండు గదుల అపార్ట్‌మెంటు. తెనాలిలో మా వీధిన నలుగురిని పలకరించకుండా పాలు పోయించుకోవటం కూడా కుదిరేది కాదు. ఇక్కడేమో రోజంతా నోరు విప్పే పనే లేదు. కొట్టుకెళితే ఒక హలో, డబ్బులిచ్చాక ఒక థాంక్యూ, అంతే. మీ తాతయ్య ఇంటికొచ్చేసరికి నాలో నిండిన మాటలన్నీ ఆయన మీద కుమ్మరించేదాన్ని. పాపం, ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు.

పక్క వాటాలో ఒక స్కూలు టీచరు ఉండేది. "మాట్లాడటం నేర్పే క్లబ్బొకటుంది, వస్తావా?" అంది. మాట్లాడటానికి క్లబ్బేమిటి, అరుగుంటే చాలదూ అనుకున్నాను. కానీ అరుగులు లేని ఊరాయె. 78లోనో 79లోనో, ఒక మంగళవారం సాయంత్రం మీ నాన్నను తాతయ్యకు అప్పగించి, జరీ అంచు చీర కట్టుకుని, ఆవిడ కారులో వెళ్ళాను. దాని పేరు టోస్ట్‌మాస్టర్స్.

ఒక రెస్టారెంటు వెనక గదిలో పెట్టేవాళ్ళు. ముందు భోజనం, తర్వాత మాటలు. నేను తినగలిగింది ఉడకబెట్టిన ఆలుగడ్డ ఒక్కటే. రెండో వారం నుంచి సంచీలో చిన్న సీసాడు ఆవకాయ పట్టుకెళ్ళేదాన్ని. నా పక్కన కూర్చునే ఇన్సూరెన్సు ఏజెంటు ఒకసారి వేలితో అద్ది రుచి చూశాడు. ఆ రోజు ఆయన ఉపన్యాసం మొదలుపెట్టటానికి మూడు గ్లాసుల మంచినీళ్ళు పట్టాయి.

ఆ క్లబ్బుల పుట్టిల్లు మా ఊరేనర్రా. ఏటా అక్టోబరులో ఎవరో ఒకరు లేచి ఆ కథ చెప్పేవాళ్ళు. రాల్ఫ్ స్మెడ్లీ అని ఒకాయన వై.ఎం.సి.ఎ.లో పనిచేసేవాడు. 1905లో ఇల్లినాయ్ రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో కుర్రాళ్ళకు సభలో లేచి మాట్లాడటం నేర్పటం మొదలుపెట్టాడు. ఉద్యోగం మీద ఊళ్ళు మారి చివరికి శాంటా ఆనా చేరి, 1924 అక్టోబరు 22న అక్కడి వై.ఎం.సి.ఎ. నేలమాళిగలో మళ్ళీ కూర్చోబెట్టాడు. అసలైన మొదటి క్లబ్బు అదేనంటారు. విందుల్లో లేచి, గ్లాసెత్తి, వక్తల్ని పరిచయం చేసే పెద్దమనిషి ఉంటాడే, ఆయన పేరే ఈ క్లబ్బుకు పెట్టారు. తమాషా ఏమిటంటే అప్పుడు అమెరికా అంతా మద్యనిషేధం. గ్లాసులో పోసుకోవటానికి మంచినీళ్ళే! ఇప్పుడది దాదాపు 150 దేశాలకు పాకింది. మన హైదరాబాదులోనూ ఉన్నాయి.

కానీ 1973 దాకా ఆడవాళ్ళను చేర్చుకోలేదు, తెలుసా? ఆడవాళ్ళు వేరే కుంపటి పెట్టుకున్నారు. 1938లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎర్నెస్టీన్ వైట్ అనే ఆవిడ టోస్ట్‌మిస్ట్రెస్ క్లబ్బులు మొదలుపెట్టింది. ఇంకొకావిడ ఉంది, హెలెన్ బ్లాంచర్డ్ అని. 1970లో కాగితాల మీద 'హోమర్' అని మగపేరు రాయించుకుని సభ్యత్వం తీసుకుంది. ఎదురుగా ఆడమనిషి కూర్చుని ఉంటే, రికార్డులో మగవాడు! పదిహేనేళ్ళు తిరిగేసరికి, 1985లో, ఆవిడే మొత్తం సంస్థకు అధ్యక్షురాలైంది. ఆ వార్త మా క్లబ్బులో చదివినప్పుడు నేనూ ఆ టీచరూ కొట్టిన చప్పట్లకు పక్క గదిలో భోంచేస్తున్నవాళ్ళు తొంగి చూశారు.

సరే, ఆ మొదటి సాయంత్రం సంగతి. చెక్క సుత్తితో బల్ల మీద ఒక్కటి కొట్టి సభ మొదలుపెట్టారు. వాళ్ళకొక నియమం ఉంది, వక్త నిలబడే బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. ఒకరు వచ్చి చెయ్యి కలిపాకే ఇంకొకరు దిగాలి. కొత్తవాళ్ళు లేచి తమ గురించి రెండు ముక్కలు చెప్పాలన్నారు. నేను వెళ్ళేసరికి ఆరడుగుల మనిషి, నేవీలో చేసి రిటైరైనాయన, చెయ్యి చాపి నిలబడ్డాడు. నేను రెండు చేతులూ జోడించాను. ఆయన చాపిన చెయ్యి అలాగే ఉంది, నా నమస్కారమూ అలాగే ఉంది. బల్ల వదిలితే నియమం తప్పుతుంది కాబట్టి ఆయన కదలడు. గదంతా ఊపిరి బిగబట్టింది. చివరికి ఆయనే చెయ్యి వెనక్కి తీసుకుని, రెండూ జోడించి, తల వంచి, అప్పుడు దిగాడు. ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ నా వంతు వస్తే అందరూ నమస్కారమే. తెనాలి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళెవరన్నా చూస్తే ఇదేదో గుళ్ళో కార్యక్రమం అనుకునేవాళ్ళు.

ముందు వరుసలో ఒక లైట్ల డబ్బా ఉండేది. ఎవరో సభ్యుడే చెక్కతో చేశాడు. మూడు బల్బులు, మూడు స్విచ్చులు. పచ్చది వెలిగితే సరిపడా మాట్లాడావని. పసుప్పచ్చది వెలిగితే చుట్టబెట్టమని. ఎర్రది వెలిగితే కూర్చోమని. మొదటి ఉపన్యాసానికి నాలుగు నుంచి ఆరు నిమిషాలు, ఆ తర్వాత వాటికి మామూలుగా ఐదు నుంచి ఏడు. ఎర్రది వెలిగాక ముప్ఫై సెకండ్లు ఓపిక పడతారు, ఆపైన బహుమతి లెక్కలోకి రావు. స్విచ్చు వేస్తే టక్కుమని చప్పుడయ్యేది. వీపు తిప్పి నిలబడ్డా ఆ టక్కు వినపడేది.

మన సభలు మీరు చూశారుగా? "ఎక్కువ సమయం తీసుకోను, రెండే రెండు మాటలు" అని మొదలుపెట్టినవాడు ముప్పావుగంట దిగడు. అధ్యక్షులవారు చీటీ పంపితే, ఆ చీటీ చదివి జేబులో పెట్టుకుని, "ఈ సందర్భంగా ఇంకొక్క విషయం" అంటాడు. అలాంటి చోట పెరిగిన నాకు ఆ ఎర్రబల్బు మొదట మహా మొరటుగా కనిపించింది. మనిషి మాట్లాడుతుంటే దీపం వేసి ఆపటమేమిటి, మర్యాదేనా?

టేబుల్ టాపిక్స్ అని ఒకటుంది. అప్పటికప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు, ఒకటి రెండు నిమిషాల్లో జవాబు చెప్పాలి. చూస్తే నాకు మన అష్టావధానమే గుర్తొచ్చింది. మా నాన్నగారు చిన్నప్పుడు చాలా అవధానాలకు తీసుకెళ్ళేవారు. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటే, అప్రస్తుత ప్రసంగి పద్యం మధ్యలో 'ఇవాళ వంకాయ ఏం ధర' అని అడిగేవాడు. ఘంటానాదం అని ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటే ఎన్ని కొట్టారో అవధాని గుర్తుపెట్టుకుని చివర్లో చెప్పాలి. ఈ క్లబ్బులోనూ ఒక గంట ఉంది. 'ఆ-కౌంటర్' అని ఒకాయన, మనం మాట మధ్యలో 'ఆ', 'ఊ' అన్నప్పుడల్లా టింగుమనిపిస్తాడు. అవధానంలో గంట లెక్క అవధాని పెట్టుకోవాలి, ఇక్కడ నా లెక్క గంట కొట్టేవాడు పెట్టాడు.

ఒక వారం టేబుల్ టాపిక్‌లో అడిగిన ప్రశ్న, "మీరు ఎవరికైనా బాకీ ఉన్నారా?" అని. ఆ ప్రశ్న ఒక వియత్నాం కుర్రాడికి పడింది. 75లో సైగాన్ పడిపోయాక వేలమందిని ఇక్కడికి దగ్గర్లోని క్యాంప్ పెండిల్టన్‌లో దించారు. చాలామంది మా చుట్టుపక్కల ఊళ్ళలోనే స్థిరపడ్డారు. ఇప్పుడు మీరు నూడుల్స్ తినటానికి వెళ్ళే లిటిల్ సైగాన్ అలా పుట్టిందే. ఆ కుర్రాడు లేచి, కాసేపు నేల చూసి, చెప్పాడు. తమ సందు చివర కాఫీ కొట్టు ఉండేదట. నెలాఖరున డబ్బులిచ్చే ఖాతా. ఏప్రిల్ నెల కాఫీల డబ్బు ఇవ్వకుండానే వచ్చేశాడట. పంపాలంటే ఆ కొట్టాయన ఉన్నాడో లేడో తెలియదు, పైగా ఆ డబ్బే ఇప్పుడు చెల్లదు, నోట్లు మార్చేశారు. "అయినా నేను లెక్క రాసుకున్నాను. ముప్ఫై కప్పులు. ఆఖరి రోజు తాగిన కప్పు..."

టక్. ఎర్రబల్బు.

ఆపేసి కూర్చున్నాడు. సగం మాటలో. నాకు ఒళ్ళు మండింది. కాఫీ విరామంలో ఆ స్విచ్చులు వేసే టైమర్ దగ్గరకెళ్ళి, "ఆ కుర్రాడికి ఇంకో నిమిషం ఇస్తే నీ సొమ్మేం పోయింది?" అని వచ్చీరాని ఇంగ్లీషులో దులిపేశాను. ఆ వేడిలో ఒక్క 'ఆ' కూడా అనలేదట, గంటాయన తర్వాత చెప్పాడు. కుర్రాడే వచ్చి నన్ను ఆపాడు. "ఆ దీపం వెలిగింది కాబట్టి బతికిపోయాను. ఇంకొక మాట అంటే అందరి ముందు ఏడ్చేవాణ్ణి" అన్నాడు. తర్వాత మా ఇంటికి భోజనానికి చాలాసార్లు వచ్చాడు. ఆ ఆఖరి కప్పు సంగతి నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి ఎర్రబల్బు మీద నా కోపం తగ్గింది.

ఇక నా మొదటి ఉపన్యాసం. ఐస్ బ్రేకర్ అంటారు, మన గురించి మనం చెప్పుకోవాలి. మీ తాతయ్యను సోఫాలో కూర్చోబెట్టి, వంటింటి గడియారం ముందు పెట్టుకుని అభ్యాసం చేశాను. తెనాలి కాలవలు, రామలింగేశ్వరపేటలో మా ఇల్లు, మా అమ్మ పట్టే ఆవకాయ జాడీలు అన్నీ చెప్పి, పసుపు దీపం వెలగగానే మన పద్ధతిలో చేతులు జోడించి, "నాకీ అవకాశమిచ్చిన సభవారికి, అధ్యక్షులవారికి, ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు తెలుపుకుంటూ సెలవు తీసుకుంటున్నాను" అన్నది మొత్తం ఇంగ్లీషులో పెట్టి చెప్పాను.

తర్వాత ఎవాల్యుయేటర్ లేచాడు, మన ఆవకాయ ఇన్సూరెన్సాయనే. ప్రతి ఉపన్యాసానికీ ఒకరు లేచి అందరి ముందే బాగోగులు చెప్పాలి. మన సభల్లో ఇది లేదు. వేదిక మీద శాలువా కప్పి 'అద్భుతం' అంటారు, అసలు మాట కారు దగ్గర చెప్పుకుంటారు. ఈయన ఏమన్నాడంటే, జాడీలో కారం కలిపే చోట నా చేతులు వాటంతటవే కదిలాయట, గదిలో అందరికీ నోరూరిందట, అక్కడే ఇంకో నిమిషం ఉండాల్సిందట. చివర్లో అన్నేసి కృతజ్ఞతలు ఎందుకు, వండి పెట్టింది నువ్వయితే తిన్నవాళ్ళు కదా థాంక్స్ చెప్పాలి, అన్నాడు. ఆ క్లబ్బులవాళ్ళకు అదొక పట్టింపు, ఉపన్యాసం చివర థాంక్యూ చెప్పకూడదని. నాకిది సగమే ఒప్పుదల. మన నోటికి సెలవు తీసుకోకుండా లేవటం చేతకాదు. కానీ కారం కలిపే చోటు గురించి ఆయన చెప్పింది నిజం. ఇవాళ్టికీ ఏ కథ చెప్పినా నేను ముందు ఆ చోటు వెతుక్కుంటాను.

అలా కొన్నేళ్ళు వెళ్ళాను. అంతలో మన తెలుగువాళ్ళూ పెరిగారు. 1977లో న్యూయార్క్‌లో తెలుగువాళ్ళ మొదటి మహాసభ జరిగి తానా మొదలైంది కదా, ఆ ఊపులో ప్రతి ఊళ్ళోనూ సంఘాలు, ఉగాదులు. మా చుట్టుపక్కల వాళ్ళం కూడా ఏటా ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని పంచాంగ శ్రవణం, పులిహోర, పిల్లల డాన్సులు పెట్టేవాళ్ళం. ఒక ఏడు కార్యక్రమం నడిపే పని నా మీద పడింది. పోయినేడు వక్తలు ఆపకపోతే పిల్లలు మేకప్పుతోనే నిద్రపోయారు. ఈసారి నా దగ్గర మందుందన్నాను. క్లబ్బు వాళ్ళనడిగి ఆ లైట్ల డబ్బా తెచ్చి, మొదటి వరుసలో సరిగ్గా వేదికకు ఎదురుగా పెట్టి, స్విచ్చుల దగ్గర మీ తాతయ్యను కూర్చోబెట్టాను. వక్తలందరికీ ముందే విడమర్చి చెప్పాను, ఒక్క ముఖ్య అతిథికి తప్ప. ఆయన ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన. విమానం ఆలస్యమై తిన్నగా వేదిక మీదికే వచ్చారు.

మిగతావాళ్ళు బుద్ధిగా ఏడు నిమిషాలకు దిగారు. నాకు గర్వం. పెద్దాయన లేచారు. పచ్చది వెలిగింది. చిరునవ్వు నవ్వారు. పసుపుది వెలిగింది. ఇంకా నవ్వారు. ఎర్రది వెలిగేసరికి ఆయన ముఖం వికసించింది. ఇంతసేపూ కృష్ణదేవరాయల దగ్గర ఉన్నవారు గొంతు పెంచి ఒక్కసారిగా నన్నయ దగ్గరకు వెళ్ళిపోయారు, మళ్ళీ మొదట్నుంచి. మీ తాతయ్య ఎర్రది ఆర్పి వెలిగించారు. మూడూ కలిపి వెలిగించారు. ఆయన ఉత్సాహం పెరిగిందే తప్ప తగ్గలేదు. వెనక పిల్లలు మేకప్పుతో మళ్ళీ నిద్రపోయారు, అందులో మీ నాన్న కృష్ణుడి కిరీటంతో.

భోజనాల దగ్గర పులిహోర వడ్డిస్తుంటే ఆ పెద్దాయనే నన్ను పిలిచారు. "అమ్మా, ఎన్నో దేశాల్లో మాట్లాడాను గానీ, మాట బాగున్నప్పుడల్లా రంగురంగుల దీపాలు వెలిగించి వక్తను ప్రోత్సహించే సభ మీదేనమ్మా. ఆ డబ్బా ఎక్కడ కొన్నారు? మా ఊరికొకటి పట్టుకెళ్తాను" అన్నారు.