వీధి ఫొటోలో మనిషికి చోటెక్కడ?

పోయిన ఎపిసోడ్‌లో స్ట్రీట్ ఫొటోగ్రఫీ గురించి మాట్లాడుకున్నాం. పాడ్‌కాస్ట్‌లో ఫొటో చూపించలేం కాబట్టి కొన్ని సంగతులు పైపైన చెప్పి వదిలేశాం. అవి ఇక్కడ రాస్తున్నా. నేను పేరు చెప్పే ఫొటోలు దాదాపు అన్నీ గూగుల్‌లో దొరుకుతాయి. ఒక్కొక్కటి తెరిచి పక్కన పెట్టుకుని చదివితే బాగుంటది.

నేను ఫొటోగ్రాఫర్ని కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్ చేసి గల్ఫ్‌కి వచ్చినవాణ్ణి. ఇరవై ఏళ్ల నుంచి సైట్లమీదే ఉన్నా. కాకపోతే గీత, లెవెల్, కొలత అన్నవి రోజూ చూసే పని. ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, వీధిలో అందరూ తీస్తారు. ఒక ఫొటో నిలబడుతుంది, ఇంకొకటి పడిపోతుంది. ఎందుకు?" నాకు తెలిసిన జవాబు చరిత్రలోనే ఉంది. కొంచెం వెనక్కి పోదాం.

1838, పారిస్. డాగేర్ అనే ఆయన తన కిటికీలోంచి బులెవార్ద్ దు తాంప్ల్ అనే వీధిని ఫొటో తీశాడు. మామూలుగా బండ్లు, గుర్రాలు, జనంతో కిటకిటలాడే వీధి. ఫొటోలో మాత్రం ఖాళీ. కారణం ఏందంటే, అప్పట్లో ఒక్క ఫొటోకి రేకు మీద కొన్ని నిమిషాలపాటు వెలుతురు పడాలి. అంతసేపట్లో కదిలేవాళ్లంతా మాయమైపోయారు. కింద ఎడమ మూలన ఒకాయన మాత్రం మిగిలాడు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు ఎత్తి నిలబడ్డాడు. మనిషి కనిపించే తొలి ఫొటో ఇదే అని చాలామంది చెబుతారు.

కొంచెం పెద్దది చేసి చూడండి. నిలబడ్డాయన రూపు తెలుస్తుంది. పాలిష్ చేసేవాడు మసకగా అలుక్కుపోయాడు. ఆయన చేతులు ఆడుతున్నాయి మరి! పని చేయించుకున్నవాడు మిగిలాడు, పని చేసినవాడు చెరిగిపోయాడు. అది ఎవరూ కావాలని చేసింది కాదు, కెమెరా శక్తి అంతే. కానీ వీధి ఫొటోకి అసలు ప్రశ్న ఆ రోజే పుట్టింది: ఈ చట్రంలో ఎవరికి చోటు దొరుకుతుంది?

ఇక మన వైపు. రాజా దీన్‌దయాళ్ పేరు హైదరాబాద్ వాళ్లకి తెలిసే ఉంటది. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు. అంటే మన లైన్ ఆయనే. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1880లలో ఆయన తీసిన చార్మినార్ ఫొటో ఈనాటికీ తిరుగుతూనే ఉంది. కట్టడాన్ని ఆయన ఎక్కడ నిలబడి చూశాడో గమనించండి. మీనార్లు నిలువుగా, చట్రం తూకంగా ఉంటాయి. డ్రాయింగ్ బోర్డు మీద కూర్చున్న చెయ్యి అది. అయితే పెద్ద కెమెరా, మూడు కాళ్ల స్టాండు, గాజు పలకలు మోసుకుని తిరిగే రోజులు. కదలకుండా నిలబడే కట్టడం దొరికినంత సులువుగా, నడిచిపోయే మనిషి దొరకడు.

ఆ కష్టం తీర్చింది ఒక చిన్న డబ్బా. జర్మనీలో ఓస్కర్ బార్నాక్ అనే ఆయనకి ఆస్తమా. బరువు కెమెరా మోయలేక, సినిమా రీలు వాడే చేతికెమెరా తయారుచేశాడు. 1925లో అది లైకా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఒక రీలుకి 36 ఫొటోలు. ఒక్కోటి 24 బై 36 మిల్లీమీటర్లు. జేబులో పట్టేంత కెమెరా చేతికొచ్చేసరికి, ఫొటోగ్రాఫర్ నడిచే మనిషితో పాటు సులువుగా నడవగలిగాడు.

ఇక్కడే ఆంరీ కార్టియర్-బ్రెస్సాన్ వస్తాడు. ఫ్రెంచివాడు. ఫొటోలకంటే ముందు ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. అక్కడ నేర్పిందంతా జ్యామితే. 1932లో ఆయన తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడదాం.

మొదటిది ఈయెర్ అనే ఊరిలోది. పైనుంచి కిందికి చూస్తున్నాం. మెలిక తిరిగిన మెట్లు, ఇనుప రెయిలింగ్, కింద వంపు తిరిగిన రోడ్డు. ఆ వంపులన్నీ మన చూపుని లాక్కెళ్లి ఒకే ఖాళీ దగ్గర పడేస్తాయి. సరిగ్గా ఆ ఖాళీలో ఒక సైకిలాయన మసకగా దూసుకుపోతున్నాడు. సైకిలు తీసేసి ఊహించుకోండి. గీతలన్నీ ఉంటాయి, కానీ ఎదురుచూస్తున్నట్టు ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే సెంట్రింగ్ కొట్టి, రాడ్ కట్టి, కాంక్రీట్ కోసం ఆగిన స్లాబ్ లాగ.

రెండోది పారిస్‌లో సెంట్ లజార్ స్టేషన్ వెనకది. అక్కడేదో పని జరుగుతోంది. చుట్టూ చెక్కల కంచె, లోపల నీళ్లు నిలిచాయి. ఆయన చెక్కల సందులోంచి కెమెరా పెట్టి తీశాడు. ఒకాయన నీళ్లలో పడున్న నిచ్చెన మీంచి దూకాడు. మడమ నీళ్లని తాకడానికి వెంట్రుకవాసి ఉంది. నీళ్లలో ఆయన నీడ తిరగబడి ఉంది. వెనక గోడమీద పోస్టర్లో ఒక నర్తకి అట్లాగే గాల్లో ఎగురుతోంది. మనిషికి, నీళ్లకి మధ్య ఉన్న ఆ వేలెడంత ఖాళీ పోతే ఫొటో మొత్తం పోతుంది. కాలు తాకేసిందంటే మామూలు తడిసిన మనిషి. తాకలేదు కాబట్టి తొంభై ఏళ్లకి పైగా గాల్లోనే ఉన్నాడు.

ఈ రెండింటిలో నాకు కనిపించేది ఇది. బలమైన కంపోజిషన్‌కి మూడు పనులు కుదరాలి. ఒకటి, వెనక భాగం శుభ్రంగా కుదరాలి. గీతలు ఎటు పోతున్నాయి, వెలుతురు ఎక్కడ పడుతోంది, ఏ జాగా ఖాళీగా ఉంది అన్నది ముందే చూసుకోవాలి. రెండు, ఆగాలి. మూడు, వచ్చిన మనిషి చుట్టూ గాలి ఆడాలి. తల వెనక కరెంటు స్తంభం మొలవకూడదు, ఒకరి చెయ్యి ఇంకొకరి మొహాన్ని మింగకూడదు. మూడోది తప్పితే మొదటి రెండూ దండగ.

మన దేశంలో దీన్ని ఎక్కడిదాకా తీసుకుపోయారో చూడండి. రఘుబీర్ సింగ్ 1942లో జైపూర్‌లో పుట్టాడు. 1966లో కార్టియర్-బ్రెస్సాన్ జైపూర్ వస్తే ఆయన పని దగ్గరుండి చూశాడు. కానీ దారి వేరే పట్టాడు. నలుపు-తెలుపు వద్దని రంగుల్లో తీశాడు. చివరి రోజుల్లో ఆయన పెట్టుకున్న చట్రం ఏంటో తెలుసా? మన అంబాసిడర్ కారు. కారు అద్దం, తెరిచిన తలుపు, పక్కనున్న చిన్న అద్దం అన్నీ కలిసి ఒకే ఫొటోని నాలుగైదు గదులుగా విడగొడతాయి. ఒక గదిలో ఒక మనిషి, ఇంకో గదిలో ఆవు, అద్దంలో వెనక రోడ్డు. మన వీధుల్లో జనం కిక్కిరిసి ఉంటారు, ఖాళీ దొరకదు. ఆయన కారు తలుపుతో గోడలు కట్టి ఖాళీ పుట్టించాడు. 1999లో ఆయన పోయాక, 2002లో ఆ ఫొటోల పుస్తకం వచ్చింది.

రఘు రాయ్ కూడా 1942లోనే పుట్టాడు. ఈయన కూడా సివిల్ ఇంజినీరింగ్ చదివినవాడే! 1977లో కార్టియర్-బ్రెస్సాన్ సిఫారసుతో మాగ్నమ్ అనే ఫొటోగ్రాఫర్ల సంఘంలో చేరాడు. 1995లో ముంబై చర్చ్‌గేట్ స్టేషన్‌లో ఆయన తీసిన ఫొటో ఒకటుంది. షట్టర్‌ని నిదానంగా పెట్టాడు. దిగిన జనమంతా నీళ్లలాగ పారిపోతుంటే, మధ్యలో కొందరు పేపర్ చదువుతూ కదలకుండా నిలబడ్డారు. డాగేర్ వీధి గుర్తొచ్చిందా? అదే సూత్రం: కదిలినవాళ్లు కరిగిపోతారు, ఆగినవాళ్లు మిగులుతారు. డాగేర్‌కి అది గత్యంతరం లేక జరిగింది. రఘు రాయ్ 157 ఏళ్ల తర్వాత కావాలని చేశాడు. పైగా ఈయన ఫొటోలో కదిలినవాళ్లు మాయం కాలేదు, ప్రవాహమై కనిపిస్తున్నారు. గుంపు గుంపుగానే ఉంది, మనిషి మనిషిగానే ఉన్నాడు.

ఇదంతా ఇక్కడ ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు చెబుతా.

గల్ఫ్‌లో మనోళ్ల ఫొటోలు తక్కువేం లేవు. బిల్డింగ్ బ్రోచర్లలో, క్యాలెండర్లలో, పేపర్లలో కనిపిస్తూనే ఉంటాయి. ఎట్లా ఉంటాయి? పైనుంచి తీసిన పసుపు హెల్మెట్ల వరుస. వెనకనుంచి తీసిన రిఫ్లెక్టర్ జాకెట్లు. సూర్యాస్తమయంలో స్కాఫోల్డింగ్ మీద నల్లటి నీడలు. చూడ్డానికి అందంగానే ఉంటాయి, గీతలూ కుదురుతాయి. ఒక ఏడు ఒక కంపెనీ క్యాలెండర్ మా క్యాంపుకి వచ్చింది. అందులో మా బ్యాచ్ ఫొటో ఉంది. నిజామాబాద్ వైపు తమ్ముడొకడు చాలాసేపు చూసి అడిగాడు, "అన్నా, ఇండ్ల నేనెక్కడున్న?" ఎవరికీ చెప్పరాలేదు. అందరూ హెల్మెట్లే. ఇంటికి పంపుదామనుకున్నవాడు మడతపెట్టి మంచం కింద పెట్టాడు.

ఆ ఫొటోలో రూల్స్ ప్రకారం తప్పేం లేదు. మూడో పనే లేదు. దీనికి ఎదురుగా 1932 నాటి న్యూయార్క్ ఫొటో పెట్టండి. ఎత్తైన బిల్డింగ్‌లో ఇనుప దూలం మీద పదకొండు మంది కార్మికులు కూర్చుని అన్నం తింటున్న ఫొటో మీరంతా చూసే ఉంటారు. అది స్ట్రీట్ ఫొటో కాదు, బిల్డింగ్ ప్రచారం కోసం కావాలని కూర్చోబెట్టి తీసింది. అయినా చూడండి: దూలం ఒకే గీత, దాని మీద పదకొండు మంది పదకొండు రకాలుగా ఉన్నారు. ఒకాయన సిగరెట్ వెలిగించుకుంటున్నాడు, ఒకాయన చేతిలో సీసా ఉంది. చాలామంది పేర్లు ఈరోజుకీ ఖాయంగా తేలలేదు. కానీ వాళ్ల ఇంటివాళ్లు చూస్తే "ఇదిగో మావాడు" అని వేలు పెట్టి చూపించగలిగేవాళ్లు. ప్రచారం ఫొటో కూడా ఆ మాత్రం చేయగలదు.

కాబట్టి ఎవరైనా "గీతలు, వెలుతురు, మూడో వంతు రూలు" అని చెబితే వినండి, అవి కావాలి. రసమట్టం లేకుండా గోడ లేవదు. కానీ రసమట్టంలో బుడగ మధ్యలో ఉన్నంత మాత్రాన ఇల్లు కాదు, అందులో మనిషి ఉండాలి. ఫొటో చూసినప్పుడు ఒక్క పరీక్ష పెట్టండి: ఇందులో ఉన్నవాడి తల్లి చూస్తే గుర్తుపడుతుందా? లేదా ఆ మనిషి కదలికైనా, నిలబడ్డ తీరైనా ఆయనదే అనిపిస్తుందా? సెంట్ లజార్ దగ్గర దూకినవాడి మొహం తెలియదు. ఆ దూకుడు మాత్రం ఆయన ఒక్కడిదే.

ఇంకో మాట. ఎమిరేట్స్‌లో అడక్కుండా మనుషుల ఫొటో తీయడాన్ని చట్టం ఒప్పుకోదు. జాగ్రత్త. కానీ మన రూమ్ మనదే, మనోళ్లు మనోళ్లే. ఈ శుక్రవారం వంట చేస్తున్నప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు, వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడు అడిగి తీయండి. ముందు తలుపు, కిటికీ, వెలుతురు చూసుకోండి. మనిషి ఆ ఖాళీలోకి వచ్చేదాకా ఆగండి. తీశాక వాళ్లకి చూపించండి. అందులో తను ఎక్కడున్నాడో వాడు వెతుక్కోకూడదు.