ఎర్రర్ 678

మొన్న దసరాకు కామారెడ్డి పోయినప్పుడు మా బాపు అటక మీంచి పాత కంప్యూటర్ దింపించాడు. "ఒక్కసారి దానికి నెట్ పెట్టి సూడు. నేను దుబాయిల ఉన్నప్పటి మాటలన్నీ అండ్లనే ఉన్నయ్" అన్నాడు. విండోస్ ఎక్స్‌పీ, పసుపెక్కిన సీపీయూ, బోర్లించిన బుట్టంత మానిటర్. స్విచ్ వేస్తే ఆన్ అయ్యింది. నెట్ మాత్రం రాలేదు.

ఎల్లారెడ్డి నుంచి చిన్నాయన వచ్చాడు. ఒకప్పుడు మా చుట్టాల ఇండ్లలో ఏ కంప్యూటర్ మొరాయించినా ఆయనకే కబురు పోయేది. ఆయన ఇంజనీరు కాదు, చదివింది డిగ్రీ. మిగతాదంతా రిపేర్లు చేస్తూ నేర్చుకున్నదే. ఆ రెండు రోజులు ఆయన పక్కన కూచుంటే నాకొకటి తోచింది. మన దేశంలో ఇంటర్నెట్ చరిత్ర అనగానే తేదీలు చెప్తారు, కంపెనీల పేర్లు చెప్తారు. మా ఊళ్ల వైపు నుంచి చూస్తే అది రిపేర్ల చరిత్ర. ఏ కాలంలో ఏం చెడిపోయేదో చూస్తే ఆ కాలం ఏమిటో తెలిసిపోతుంది.

తేదీలు కూడా చెప్పుకుందాం. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్య జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది, అదీ ముందుగా మహానగరాల్లోనే. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. 2000 అక్టోబరు 1న టెలికం శాఖలోంచి బీఎస్ఎన్ఎల్ పుట్టింది. అప్పటికి మావి నిజామాబాద్ జిల్లాలోని రెండు చిన్న ఊళ్లు. కామారెడ్డికి రైలుంది, హైవే ఉంది, బెల్లం మార్కెట్ ఉంది. ఎల్లారెడ్డికి అటు నిజాంసాగర్, ఇటు పోచారం చెరువు. ఒకే జిల్లా అయినా ఎస్టీడీ కోడ్లు వేరు, కామారెడ్డిది 08468, ఎల్లారెడ్డిది 08465. ఈ రెండు ఊళ్లకూ ఇంకొకటి కూడా ఉమ్మడిగా ఉండేది: ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండటం. మా దగ్గర కంప్యూటర్ కొన్న ఇండ్లలో చాలామంది చెప్పిన కారణం పిల్లల చదువు. అసలు కారణం అదొక్కటే కాదు. ఐఎస్‌డీ బిల్లు మోయలేక కొన్నవాళ్లు మాలాగా ఎందరో.

2002 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఇంటర్నెట్ ద్వారా మాట్లాడుకోవడాన్ని చట్టబద్ధం చేసింది. ఆ సంగతి మా అమ్మకు తెలియదు. శుక్రవారం బాపుకు సెలవని, ఆయన నెట్ సెంటర్‌కు వస్తాడని, ఆ టైముకు మా ఇంట్లో నెట్ కలవాలని మాత్రం తెలుసు. కలవకపోతే ఇంకో వారం ఆగాలి.

మొదట్లో అది డయలప్. మోడెం 172తో మొదలయ్యే నంబరు తిప్పేది, తర్వాత ఆ కీచు మోత. 56 కేబీపీఎస్ అని డబ్బా మీద రాసి ఉండేది కానీ అంత వేగం ఎన్నడూ రాలేదు. మనిషి గొంతు మోయడానికి వేసిన రాగి తీగ మీద అంకెలను పాటలా మార్చి పంపడమే ఆ మోత. తీగలో గరగర ఉంటే మోడెంలు రెండూ బేరమాడుకుని వేగం తగ్గించుకునేవి. అందుకే చిన్నాయన రాగానే కంప్యూటర్ ముట్టుకోకపోయేది. ఫోన్ రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేవాడు. "గరగరంటుంది. తీగ తడిసింది" అనేవాడు. వానాకాలం జాయింట్లలో నీళ్లు దిగి రాగి పచ్చబడేది. ఉరుములొస్తే గోడకున్న ఫోన్ వైరు పీకడం అప్పటి ఇంటి చిట్కా. పీకడం మరిచిపోతే పిడుగుపాటుకు మోడెం కాలిపోయేది. మాది అట్లనే రెండుసార్లు కాలింది, రెండుసార్లూ తప్పు నాదే.

ఆ రోజుల్లో ఎర్రర్ నంబర్లు మాకు పద్యాల్లా నోటికొచ్చేవి. 680 అంటే డయల్‌టోన్ లేదు. 676 అంటే లైను బిజీ. 691 అంటే యూజర్‌నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు. 678 అన్నింటికంటే బాధపెట్టేది: అవతలి కంప్యూటర్ పలకడం లేదు. శుక్రవారం సాయంత్రం తెర మీద 678 కనిపిస్తే అమ్మ చదవకుండానే గుర్తుపట్టేది. "మల్ల అదే వచ్చిందా?" అని లోపలికి పోయేది.

2004 అక్టోబరులో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, కనీసం 256 కేబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలని తేల్చింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. అదే పాత రాగి తీగ, వాడుకునే తీరు వేరు. మాట 4 కిలోహెర్ట్జ్‌ల లోపే ఉంటుంది, ఆ పైన ఖాళీగా పడి ఉన్న చోట నెట్ నడిపారు. రెండింటినీ విడదీయడానికి గోడ దగ్గర అగ్గిపెట్టెంత స్ప్లిట్టర్. అది లేకుండా ఇంకో ఫోన్ తగిలిస్తే ఫోన్ మోగినప్పుడల్లా నెట్ పడిపోయేది. ఇంట్లో సగం రిపేర్లు ఆ అగ్గిపెట్టె దగ్గరే తేలిపోయేవి. రెండో సంగతి దూరం. ఎక్స్ఛేంజ్ నుంచి తీగ ఎంత సాగితే సిగ్నల్ అంత నీరసపడుతుంది. ఊరి మధ్యలో ఉన్నవాడికి నిలకడగా వెలిగే లైటు ఊరి చివరివాడికి మినుకుమినుకుమనేది.

చిన్నాయన పద్ధతి అప్పుడే తయారైంది. నల్ల తెర తెరిచి పింగ్ కొట్టేవాడు. మొదట 127.0.0.1, అంటే తనను తానే పిలుచుకోవడం. అది పలికితే ఇంట్లో మనిషి ఉన్నట్టు. తర్వాత 192.168.1.1, మోడెం. అది పలికితే గడప దాటినట్టు. తర్వాత బయటి నంబరొకటి, అది పలికితే ఊరు దాటినట్టు. చివరికి ఒక వెబ్‌సైట్ పేరు. నంబరు పలికి పేరు పలకకపోతే రోడ్డు బాగుంది, అడ్రసు చెప్పేవాడే లేడు, డీఎన్ఎస్ మార్చాలి. కంప్యూటర్ అడ్రసు 169.254తో మొదలైతే మోడెం దానికి నంబరివ్వలేదు, తనే ఏదో పెట్టుకుందని అర్థం. "దగ్గర్నుంచి దూరానికి పోవాలె. దుబాయి కలుస్తలేదని దుబాయిని తిడితే ఏమొస్తది, ముందు మన వైరు సూస్కోవాలె" అనేవాడు.

తీగ బాగుపడ్డాక చెడిపోవడం యంత్రం లోపలికి వచ్చింది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు ప్రపంచమంతా పాకింది. నెట్ కలిపిన ఎక్స్‌పీ కంప్యూటర్ అరవై సెకన్లలో ఆగిపోతానని లెక్కపెట్టేది. దానికి విరుగుడు ప్యాచ్ నెట్‌లోనే ఉంది. నెట్ కలిపితే పురుగు వస్తుంది, కలపకపోతే మందు రాదు. 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 పూర్తి ఫైలు 260 ఎంబీ పైనే. డయలప్‌లో అది పది గంటలకు పైబడ్డ పని. చిన్నాయన దాన్ని సీడీలో పెట్టుకుని బస్సులో ఇల్లిల్లూ తిరిగాడు. మా రెండు ఊళ్ల మధ్య ఆ రోజుల్లో అన్నింటికంటే వేగంగా నడిచిన నెట్‌వర్క్ ఆర్టీసీ బస్సే.

తెలుగు అక్షరాలకూ సీడీనే దిక్కు. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది కానీ తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఒక చోట టిక్ పెట్టాలి, పెట్టగానే అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. సీడీ లేని ఇండ్లలో తెలుగు వికీపీడియా అంతా డబ్బాలే. ఇట్లాంటివి తెలుగులో చెప్పిన పత్రికలున్నాయి. నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వచ్చిన 'కంప్యూటర్ ఎరా' పాత సంచికలు చిన్నాయన ఇంట్లో ఇప్పటికీ కట్టగా ఉన్నాయి. మన సాహిత్య చరిత్రల్లో ఆ వచనానికి చోటు దొరకదు. కానీ ఇంగ్లీషు మెనూలను చూసి భయపడే మనిషికి, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో భయం పోయేట్టు తెలుగులో చెప్పడం తేలికైన రచన కాదు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. ఆ తర్వాత నెల, అక్టోబరు 11న, కామారెడ్డి జిల్లా అయ్యింది, అందులో ఎల్లారెడ్డి ఒక రెవెన్యూ డివిజన్. ఫోన్లోనే నెట్ వచ్చాక చిన్నాయనకు పిలుపులు ఆగిపోయాయి. ఫోన్లో నెట్ రాకపోతే ఆఫ్ చేసి ఆన్ చేస్తాం, అంతే. గరగర వినేదీ లేదు, స్ప్లిట్టర్ చూసేదీ లేదు. సుఖమే, కాదనను. కానీ ఇంటికీ లోకానికీ మధ్య ఏమేం ఉన్నాయో తెలిసిన మనుషులు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. ఇప్పుడు వాళ్ల తెలివితో ఊరికి పని లేదు.

మొన్నటి సంగతికొస్తే, చిన్నాయన అలవాటుగా దగ్గర్నుంచే మొదలుపెట్టాడు. ఇప్పుడున్న ఫైబర్ రౌటర్ నుంచి వైరు లాగి తగిలించాడు. 127 పలికింది. రౌటర్ పలికింది. బయటి నంబరు పలికింది. పేరు కూడా పలికింది. అయినా ఒక్క పేజీ తెరుచుకోలేదు. కింద గడియారం చూసి నవ్వాడు, 2002 జనవరి 1. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. వెబ్‌సైట్లు చూపే సర్టిఫికెట్లకు మొదలూ చివరా తేదీలుంటాయి. 2002లో ఉన్నాననుకునే యంత్రానికి అవన్నీ ఇంకా పుట్టని కాగితాలే. స్టేషన్ రోడ్డులో సీఆర్2032 బిళ్ల కొనుక్కొచ్చి వేసి తేదీ దిద్దాం. అయినా తెరుచుకోలేదు. ఆ పాత బ్రౌజరుకు తెలిసిన తాళాలను ఇప్పటి వెబ్‌సైట్లు ఒప్పుకోవు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది. చిన్నాయన చేతులు తుడుచుకున్నాడు. "ఇండ్ల ఏం ఖరాబు లేదు తమ్మీ" అన్నాడు.

తెరుచుకున్నా బాపు వెతికే చోటు అక్కడ లేదు. యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడింది. తెలుగువాళ్లు ఏండ్ల తరబడి సాహిత్యం మీద కొట్లాడుకున్న రచ్చబండ లాంటి యాహూ గ్రూపుల పాత సందేశాలనూ ఆ తర్వాత తీసేశారు. నేను బాపుకు అదే చెప్పబోయాను. చిన్నాయన ఆగమన్నాడు.

మెసెంజర్‌లో మాటలు దాచుకొమ్మని టిక్ పెట్టుకుంటే అవి మన కంప్యూటర్‌లోనే ఫైళ్లుగా పడి ఉంటాయట. ఆ టిక్ ఎప్పుడో ఆయనే పెట్టి పోయాడు. నెట్‌తో పని లేదు. ఫైళ్లు యూజర్‌నేమ్‌తో కలిపి గిలకొట్టి ఉంటాయి. వాటిని విప్పే చిన్న ప్రోగ్రాములకు కావాల్సింది పాస్‌వర్డ్ కాదు, ఆ పేరే. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నా లాప్‌టాప్‌లో పెట్టాం. పేరేమిటని బాపును అడిగితే నొసలు చిట్లించాడు. వంటింట్లోంచి అమ్మ చెప్పింది, స్పెల్లింగుతో సహా.

తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, అమ్మ చెప్తుంటే నేను కొట్టినవి. చాలావరకు ఒకే రెండు లైన్లు, వారం తర్వాత వారం. వినబడుతోందా అని ఇటు నుంచి. ఇప్పుడు వినబడుతోంది అని అటు నుంచి.