ప్రమాద వలయములోని పౌరుడు: రసాయనిక విపత్తుల సమాచారమును గూర్చి తుర్కయంజాల్ పక్షమున ఒక పరిశీలనము

ఎల్బీనగర్ కూడలినుండి నాగార్జునసాగరు వైపు సాగు రహదారిపై, బి.ఎన్. రెడ్డి నగరు దాటిన పిమ్మట, చెరువు చెంత వెలసిన తుర్కయంజాల్ నిన్నమొన్నటివరకు సేద్యముపై బ్రదికిన పల్లె. నేడు ప్లాట్లుగా మారిన పొలములమధ్య, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతపు అద్దెలు భరింపజాలక తరలివచ్చిన కుటుంబములతో నానాట విస్తరించుచున్న పట్టణము. పాశమైలారమువలె గాని జీడిమెట్లవలె గాని ఇది రసాయన పారిశ్రామికవాడ కాదు. కాకున్నను, బొంగుళూరుకడ ఔటర్ రింగు రోడ్డును కలియు ఈ రహదారిపై గ్యాసు ట్యాంకరులు పోవుట ఇచ్చటివారికి నిత్యదృశ్యమే. కోదండాపురములో శుద్ధియై సాహెబ్‌నగర్ జలాశయమునకు చేరి తూర్పు హైదరాబాదు దాహము తీర్చు కృష్ణాజలము క్లోరిన్ లేక త్రాగయోగ్యము కాదు. ఇదే దారిని ఇబ్రహీంపట్నము దాటినచో వచ్చు యాచారము మండలపు గ్రామములు ప్రభుత్వము తలపెట్టిన ఔషధనగరము (ఫార్మా సిటీ) కొరకు భూసేకరణకు లోనైనవి. ఇట్టి చోట నివసించు సామాన్యుడు, తనచుట్టును ఏ రసాయనము ఎంత పరిమాణమున నిలువయున్నదో, అది అదుపుతప్పినచో ఎంతదూరము వ్యాపించునో, అప్పుడు తానేమి చేయవలెనో తెలిసికొనగోరినచో, ప్రభుత్వమువద్ద నున్న ఆ సమాచారము అతనికి ఏ మార్గమున, ఏ మేరకు లభించునన్నది ఈ వ్యాసమునకు విషయము.

1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలులో యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి వెలువడిన మిథైల్ ఐసోసయనేటు వేలకొలది ప్రాణములను హరించినపుడు, ఆ ప్రాకారమున కానుకొని గుడిసెలు వేసికొన్నవారికి తమ ప్రక్కన నున్న పదార్థము పేరు తెలియదు. తడిగుడ్డ ముఖమునకు కప్పుకొనుట కొంత రక్షణ యని చెప్పినవారును లేరు. ఆ దుర్ఘటనానంతరము 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1987లో చేర్చబడిన 41-బి విభాగము, ప్రమాదకర ప్రక్రియ నడపు యజమాని తన కర్మాగారమువలన కలుగు అపాయములను గూర్చి కార్మికులకు, ఇన్‌స్పెక్టరుకు మాత్రమే గాక స్థానిక సంస్థకును, పరిసరవాసులైన ప్రజలకును తానై తెలియజేయవలెనని విధించినది. 1989లో వెలువడిన ప్రమాదకర రసాయనముల తయారీ, నిల్వ, దిగుమతి నియమములలోని 15వ నియమము దానిని మరింత విశదము చేసి, ప్రమాదము సంభవించినచో దాని ప్రభావమునకు లోనుగాగల ప్రాంతములోని జనులకు ఆ అపాయస్వరూపమును, చేయదగిన, చేయరాని పనులను ముందుగనే తెలుపవలెనని పలికినది. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతిలో సైతము ప్రకటనభారము యజమానిదే యను సూత్రము నిలిచియున్నది. కనుక మన దేశమున ఈ సమాచారము దయాధర్మముగా లభించునది కాదు, అడిగినవారికి మాత్రమే లభించునదియు కాదు, అడుగకున్నను చెప్పవలసినది.

శాసనము ఇంత స్పష్టముగా నుండగా ఆచరణము ఏల తలక్రిందులైనదో తెలియవలెనన్న, ప్రభావప్రాంతము ఎట్లు నిర్ణయింపబడుచున్నదో చూడవలెను. నిలువయున్న రసాయనము పరిమాణము, పాత్రలోని పీడనము, వెలువడుటకు పట్టు కాలము, గాలి వేగము, దిశ మొదలగువానిని గణించి, ఎంతదూరమువరకు గాలిలో ఆ విషసాంద్రత ప్రాణహాని కలిగింపగలదో లెక్కించి, పటముపై ఒక వలయము గీయుదురు. ఈ గణనము యజమాని సమర్పించు భద్రతా నివేదికలో నుండును; నివేదిక ఫ్యాక్టరీల శాఖకు చేరును; దాని నాధారము చేసికొని ఆవరణ వెలుపలి అత్యవసర ప్రణాళిక, అధికారుల మాటలో ఆఫ్‌సైట్ ప్లాను, జిల్లా యంత్రాంగమువద్ద తయారగును. ఆ వలయములో ఎవరి యిల్లున్నదో పటము చూచినవానికి తెలియును, ఇంటివానికి తెలియదు. తాను వలయములో నున్నానని ఎరుగనివాడు దేనిని గూర్చి ఏ కార్యాలయమున అడుగగలడు? నా దృష్టిలో మన సమాచారలోపమున కంతకును మూలమిదియే: ప్రశ్నించు హక్కును ప్రజలకిచ్చి, ప్రశ్న పుట్టుటకు కావలసిన తొలి వాక్యమును ఫైలులో నుంచితిమి.

దీని ఫలితమెట్టిదో 2020 మే 7వ తేది వేకువను విశాఖపట్టణపు ఆర్.ఆర్. వెంకటాపురము చూపినది. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా వెలసి, తరువాత దక్షిణ కొరియా సంస్థ చేతికి వచ్చి ఎల్.జి. పాలిమర్స్‌గా మారిన కర్మాగారములో, లాక్‌డౌన్ వలన పని నిలిచిపోగా కదలికలేక పడియున్న స్టైరీన్ తొట్టిలో ఉష్ణము పెరిగి, ద్రవము తనంతట తాను పాలిమరుగా మారుచు మరింత వేడినీనుచు, ఆవిరియై వెలువడి నిద్రలోనున్న వీధులపై వ్యాపించినది. పండ్రెండుమంది మరణించిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. స్టైరీన్ ఆవిరి గాలికన్న మూడున్నర రెట్లకు మించి బరువైనది. నేలను పట్టుకొని పల్లమునకు ప్రాకును. కాబట్టి మేడపై అంతస్తునకో, గాలివాటమునకు అడ్డముగా మెరకకో పోవుట మేలని ఒక్క కరపత్రముద్వారా తెలిసియున్నచో కొందరైనను వేరుదారి పట్టెడివారు. తెలియనివారు దిక్కు తోచక వీధులవెంట పరుగెత్తి నడిదారిలో కుప్పకూలిరి. ప్రమాదసూచికగా మ్రోగవలసిన సైరనును సకాలమున మ్రోగింపలేదని రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము ఆ జూలైలో సమర్పించిన నివేదికలో తేల్చినది. ఆ నివేదికను అనుబంధములతో సహా ప్రజలయెదుట నుంచుట ప్రశంసనీయము. విపత్తు జరిగిన తరువాత వేల పుటలు బహిర్గతము కాగా రాష్ట్రభద్రతకు గాని వాణిజ్యరహస్యమునకు గాని భంగము కలిగినట్లు ఎవ్వరును చెప్పలేదు. విపత్తునకు ముందు ఒక్క పుట బయటికి వచ్చుటకు అడ్డుపడినదేమి?

మరియొక విషయమును ఇచట విస్మరింపరాదు. తాము ఉత్పత్తి చేయుచున్న పరిమాణమునకు తగిన పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ సంస్థయే 2019 మే నెలలో, అనగా దుర్ఘటనకు సంవత్సరము ముందు, రాష్ట్రస్థాయి పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు ప్రమాణపత్రమున అంగీకరించినది. ఆ పత్రము వెంకటాపురమువారికి తెలిసినది చావుల తరువాత, వార్తాపత్రికలద్వారా. ఆ ప్రమాణపత్రము ప్రభుత్వహస్తమున నున్న సమాచారమే; జనులు దాని కర్హులే; చేర్చవలసినవారు చేర్చలేదు.

ప్రకటించినచో దుష్టులు, విద్రోహులు ఆ వివరములను వాడుకొందురన్న ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. అమెరికాలో ఈ వాదము పరాకాష్ఠ నందినది. భోపాలు విపత్తునకు స్పందనముగా 1986లో సమాజమునకు తెలిసికొను హక్కును ప్రసాదించు శాసనము చేసికొన్న ఆ దేశము, 1990లో వాయుశుద్ధి చట్టమును సవరించి, ప్రమాదకర పదార్థములను నిర్ణీత పరిమాణమునకు మించి నిలువచేయు ప్రతి కర్మాగారమును తనవలన సంభవింపగల అత్యంత ఘోరప్రమాదమును లెక్కించి చూపవలెనని శాసించినది. ఆ లెక్కలను అంతర్జాలమున నుంచబోవు సమయమున భద్రతాసంస్థలు అభ్యంతరము తెలుపగా, 1999లో మరియొక శాసనముచేత ఆ భాగము కట్టుబాటునకు లోనైనది: నిర్ణీత పఠనమందిరములకు పోయి, గుర్తింపు చూపి, నకలు తీసికొనక, చేతితో వ్రాసికొనుటకు మాత్రమే అనుమతి, అదియు నెలకు పది కర్మాగారములకు మించరాదు. కాని అట్టి నిర్బంధములోను, చదువరి తాను నివసించు, పనిచేయు ప్రాంతమునకు చెందిన కర్మాగారముల విషయమున ఆ పది యను హద్దు వర్తింపదు. విద్రోహి భయము మిక్కుటమై చేసిన శాసనము సైతము పొరుగువానిని విద్రోహితో సమానుని చేయలేదు. ఈ భేదమే మనకు గ్రాహ్యము. ఏ కవాటము ఎచ్చట నున్నది, కాపలా ఏ వేళ మారును అన్నవి పొరుగువానికి అక్కరలేని వివరములు; పదార్థము పేరు, పరిమాణము, వలయపు దూరము, సైరను అర్థము, పోవలసిన దిక్కు విద్రోహికి ఉపకరించుట స్వల్పము, పొరుగువానికి ప్రాణావశ్యకము. రెంటిని ఒకే సంచిలో కట్టి రహస్యమను ముద్రవేయుట పాలకుల సోమరితనమే గాని దూరదృష్టి కాదు.

మన 2005 నాటి సమాచార హక్కు చట్టము ఈ విభజనమునకు చాలినంత అవకాశ మిచ్చుచున్నది. 8వ విభాగము వాణిజ్యగోప్యతకు రక్షణ కల్పించినను, విశాలమైన ప్రజాప్రయోజనము ఉన్నచో దానిని ప్రకటింపవచ్చునని అక్కడనే చెప్పినది. 10వ విభాగము దాచదగిన భాగమును వేరుచేసి మిగిలినది ఇవ్వవలెనన్నది. 4వ విభాగము అడుగకముందే ప్రకటించుటను ప్రభుత్వ సంస్థలకు విధిగా నిర్ణయించినది. ప్రాణస్వేచ్ఛలకు సంబంధించిన సమాచారమును 48 గంటలలో ఇవ్వవలెనని 7వ విభాగము శాసించినది. విషవాయువు వలయమున నివసించు కుటుంబము కోరు సమాచారము ప్రాణమునకు సంబంధించినది కాదని వాదింపబూనుట కష్టము.

ఇక తుర్కయంజాల్ కథ వేరొక చిక్కును తెచ్చుచున్నది. 1989 నియమములు పరిమాణముల పట్టికలపై నిలిచినవి: క్లోరిన్ 10 టన్నులు, అమ్మోనియా 60 టన్నులు దాటిన నిల్వలకే పెద్దప్రమాద స్థావరముల బాధ్యతలు వర్తించును. క్లోరిన్ టన్నరు ఒక్కొక్కటి 900 కిలోలు పట్టును. పదింటిని ఒకచోట నుంచినను పట్టిక మెట్టునకు క్రిందనే నిలుచును, ఒక్కటి పగిలినను పేట యంతయు ఉక్కిరిబిక్కిరి యగును. 1996లో వచ్చిన రసాయన ప్రమాదముల అత్యవసర నియమములు కేంద్రమునుండి స్థానికమువరకు నాలుగంచెల సంక్షోభ బృందములను కల్పించినవి గాని, అట్టడుగు బృందము పారిశ్రామికవాడకు మాత్రమే ఏర్పడును. వాడ కాని ఊరికి స్థానిక బృందము లేదు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో, నివాసభవనపు క్రింది అంతస్తున ఉంచిన రసాయన డ్రమ్ములు అంటుకొని తొమ్మిదిమంది మరణించిరి. పైయంతస్తులలో కాపురమున్నవారిని హెచ్చరింపవలెనని ఏ భద్రతా నివేదికయు ఎవరికిని చెప్పియుండలేదు. మహానగరపు అంచులలో గోదాములు ఇండ్లమధ్య వెలయుచున్న కాలమున బజార్‌ఘాట్ ఒక్కచోటికే పరిమితమగునని నమ్ముట ఎట్లు?

రహదారి విషయ మింకను శోచనీయము. 2020 ఆగస్టులో బేరూత్ రేవు అమ్మోనియం నైట్రేటు విస్ఫోటముచే ధ్వంసమైన కొలదిదినములకే, చెన్నై మనలిలో ఏండ్లతరబడి పడియున్న సుమారు 700 టన్నుల అదే పదార్థమును లారీలపై హైదరాబాదు ప్రాంతమునకు తరలించిరి. బేరూత్ వార్త వలననే గదా ఆ నిల్వయు, ఆ ప్రయాణమును మనకు తెలిసినవి! దారిపొడుగున నున్నవారికి వాహనముపైని ఫలకమే ఏకైక గ్రంథము. 1989 కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము ప్రమాదకర సరకు మోయు వాహనముపై రసాయనము పేరు, ఐక్యరాజ్యసమితి సంఖ్య, అపాయచిహ్నము, అత్యవసరమున పిలువవలసిన ఫోను సంఖ్య ఉండవలెను. 1017 అన్నచో క్లోరిన్, 1005 అన్నచో అమ్మోనియా, 1075 అన్నచో వంటగ్యాసు, 2055 అన్నచో స్టైరీన్. పేరు తెలియుట ఎంత ముఖ్యమన్నది ఇచటనే బోధపడును: క్లోరిన్ కారినచో మేడ యెక్కి తలుపులు మూసికొనవలెను; వంటగ్యాసు కారినచో స్విచ్చి తాకక, నిప్పు రాజేయక, బండి ఇంజను తిప్పక తొలగిపోవలెను. ఒకదానికి చేయదగినది మరియొకదానికి ప్రాణాంతకము కావచ్చును. ఈ నాలుగంకెల భాషను ఆ దారిని నడచు పాఠశాల పిల్లలకు గాని, రోడ్డుప్రక్క దుకాణదారులకు గాని నేర్పు ప్రయత్నము జరుగలేదు.

ఇక క్రొత్తగా రాబోవు పరిశ్రమల విషయము. హైదరాబాదు జలాశయముల సమీపమున ఆముదము నూనె ఉత్పత్తుల కర్మాగారము తలపెట్టిన సంస్థకును కాలుష్యనియంత్రణ మండలికిని నడచిన వ్యాజ్యములో 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రమును విశదీకరించి, హానిలేదని నిరూపించు భారము పరిశ్రమ స్థాపించువానిదే యని తీర్పుచెప్పినది. ఔషధనగరమును గూర్చి 2017 అక్టోబరులో యాచారము మండలమున జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమువంటి సభలు ఆ భారము బహిరంగముగా వహింపబడవలసిన చోట్లు. కాని నివేదిక సారాంశము మాత్రమే తెలుగున నుండి, ప్రమాదగణనముతో కూడిన అసలు నివేదిక ఆంగ్లమున నుండుట ఈ సభల రివాజు. సారాంశము చదివిన రైతు తన పొలమునకు నష్టపరిహార మడుగగలడు. తన ఊరిమీదికి వలయము వచ్చునా యని అడుగుటకు అవసరమైన పుట అతని చేతిలో లేదు.

కావున తుర్కయంజాల్ పక్షమున కోరదగినది విశేషమేమియు కాదు. రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు 2022 నుండి కొంగరకలాన్‌లో నున్నది. జిల్లా సంక్షోభ బృందమునకు కలెక్టరే అధ్యక్షుడు. 45 దినముల కొకమారు సమావేశము కావలసిన ఆ బృందపు కార్యక్రమ వివరములను, జిల్లాలోని ప్రతి పెద్ద స్థావరపు వలయపటమును, పరిమాణపు పట్టికకు లోబడని క్లోరిన్ నిల్వల చోట్లను, ప్రమాదకర సరకు నడచు రహదారుల జాబితాను తెలుగున, ఉర్దూన, వలసకూలీల కొరకు హిందీన ముద్రించి వార్డు కార్యాలయములలో, పాఠశాలలలో, బస్తీ దవాఖానలలో గోడలకు వ్రేలాడదీయుటకు క్రొత్త శాసన మక్కరలేదు. సమాచార హక్కు చట్టపు 4వ విభాగము క్రింద ఒక ఉత్తరువు చాలును. ఆ ఉత్తరువు వెలువడునంతవరకు, ప్రతి కాలనీ సంక్షేమ సంఘమును తన చిరునామా ఏయే వలయములలో నున్నదో తెలుపుమని, 7వ విభాగపు 48 గంటల గడువును పేర్కొనుచు, కలెక్టరు కార్యాలయపు పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయవచ్చును.