ఒకే తానులో ముక్కలు

పాత చిత్తూరు జిల్లా పడమటి తాలూకాల్లో, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో, ఎవరినైనా మీదే పార్టీ అని అడిగి చూడండి. తడుముకోకుండా జవాబిస్తారు. ఆ రెండు పార్టీలకూ తేడా ఏమిటని అడిగితే మాత్రం మనుషుల పేర్లు వస్తాయి తప్ప సిద్ధాంతాల పేర్లు రావు. ఇందులో వారి అజ్ఞానమేమీ లేదు. చరిత్ర అలా నడిచింది.

1978లో చంద్రగిరి నుంచి నారా చంద్రబాబు నాయుడు, పులివెందుల నుంచి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలిసారి శాసనసభకు వెళ్ళారు. ఇద్దరూ అంజయ్య మంత్రివర్గంలో కాంగ్రెసు మంత్రులుగా కూర్చున్నారు. 1982 మార్చిలో రామారావు తెలుగుదేశం స్థాపించాడు. మరుసటి ఏడు చంద్రబాబు కాంగ్రెసు అభ్యర్థిగానే తెలుగుదేశం చేతిలో ఓడి, ఆ తరువాత ఆ పార్టీలోనే చేరాడు. 1989 నుంచి 2024 దాకా కుప్పంలో వరుసగా ఎనిమిదిసార్లు గెలిచాడు. రాజశేఖరరెడ్డి కుమారుడు 2011లో వేరే పార్టీ పెట్టాక కాంగ్రెసు ఓటు దాదాపు మొత్తంగా అటు నడిచింది. ఇప్పటి రెండు శిబిరాల మూలాలు వెతికితే రెండు దారులూ పాత కాంగ్రెసు ఇంటికే చేరుతాయి.

స్థానికంగా చూస్తే ఇది ఇంకా స్పష్టం. అమరనాథరెడ్డి 2004లో పుంగనూరులో, 2009లో పలమనేరులో తెలుగుదేశం తరఫున గెలిచాడు. 2014లో అదే పలమనేరులో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున గెలిచి, 2016లో తిరిగి తెలుగుదేశానికి వచ్చి, 2017లో మంత్రి అయ్యాడు. మదనపల్లెలో 2009లో కాంగ్రెసు టిక్కెట్టుపై గెలిచిన షాజహాన్ బాషా 2024లో తెలుగుదేశం శాసనసభ్యుడు. కుప్పం పురపాలక సంఘంలో 2021లో 25 వార్డులకు 19 వై.ఎస్.ఆర్. కాంగ్రెసు గెలుచుకుంది. 2025 ఏప్రిల్‌లో ఛైర్మన్ పీఠం తెలుగుదేశానికి దక్కింది. నడుమ మళ్ళీ పురపాలక ఎన్నికలేమీ జరగలేదు, సభ్యుల భుజాల మీద కండువాలు మారాయంతే.

మనుషుల సంగతి పోనీండి, విధానాలు చూద్దాం. రామారావు రెండు రూపాయల కిలో బియ్యం వాగ్దానం చేస్తే, ఎన్నికలకు ముందే విజయభాస్కరరెడ్డి కాంగ్రెసు ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకు దించింది. రైతులకు ఉచిత విద్యుత్తు అసాధ్యమని చంద్రబాబు 2004కు ముందు వాదించాడు; రాజశేఖరరెడ్డి ఆ ఏడు మే నెలలో ప్రమాణం చేసిన రోజే దానిపై సంతకం పెట్టాడు; 2014లో చంద్రబాబు ప్రభుత్వం దాన్నే కొనసాగించింది. ఆరోగ్యశ్రీ 2014 తరువాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తరువాత మళ్ళీ ఆరోగ్యశ్రీ, 2024 తరువాత మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ. అమ్మఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. పంపిణీలో లెక్కలు మారాయి, ఆలోచన మారలేదు.

అసలు తేడాలే లేవని నేననను. అమరావతా, మూడు రాజధానులా అన్నది నిజమైన విభేదమే. పోటీ వల్ల పేదవాడికి మేలు జరిగిందన్నదీ నిజమే, ఒకరు ఇచ్చినదాన్ని తీసేసే ధైర్యం రెండోవారికి లేకపోయింది. నా బాధ వేరే చోట ఉంది.

హంద్రీ-నీవా కాలువ మీద రెండు పక్షాలకూ భక్తి ఉంది. కుప్పం ఉపకాలువను 2015లో తెలుగుదేశం ప్రభుత్వం చేపట్టింది. 2024 ఫిబ్రవరిలో జగన్మోహనరెడ్డి కుప్పానికి నీళ్ళు విడుదల చేశాడు. 2025 ఆగస్టులో చంద్రబాబు అదే కుప్పంలో కృష్ణా జలాలకు హారతి పట్టాడు. ఈ రెండు పండుగలకూ నడుమ పరస్పర నిందలు. అంతకుముందు, 2023 ఆగస్టులో, సాగునీటి ప్రాజెక్టుల మీద ప్రతిపక్ష నాయకుడి యాత్ర సాగుతుండగా అంగళ్ళులోనూ పుంగనూరులోనూ కార్యకర్తలు రాళ్ళు రువ్వుకున్నారు. పోలీసులు సహా పలువురు గాయపడ్డారు, వాహనాలు తగలబడ్డాయి, ఎందరి మీదో కేసులు పడ్డాయి.

నాయకులు అటూ ఇటూ మారడానికి ఒక్క పూట చాలు. వారి కోసం రాయి పట్టినవాడు మాత్రం ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరగాలి. ఊళ్ళో ఎదురింటివాడితో మాటలుండవు, పెళ్ళికి పిలుపులుండవు. పైన తేడా తగ్గేకొద్దీ కింద పగ పెరుగుతోంది. చెప్పుకోవడానికి సిద్ధాంతం లేనప్పుడు అభిమానాన్ని నిరూపించుకోవడానికి ద్వేషమొక్కటే మిగులుతుంది కాబోలు.

ఇద్దరూ ఒకేలా ఉండటంలో మరో నష్టం, ఇద్దరూ పట్టించుకోనిది ఎవరి ఎజెండాలోకీ ఎక్కదు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో మదనపల్లెది ఒకటి. 2023 జూలైలో అక్కడ కిలో వంద రూపాయలు దాటింది. కోత కూలి కూడా గిట్టక రైతులు రోడ్డు పక్కన పారబోసిన రోజులూ అనేకం. ఈ ఊగిసలాటను ఆపే ఏర్పాటేదీ ఏ ప్రభుత్వ హయాంలోనూ నిలదొక్కుకోలేదు. దాని కోసం ఏ పార్టీ వారూ రాళ్ళు రువ్వుకోలేదు కూడా.

ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయినా ఓటు మానుకోమని నేను చెప్పను. ఈసారి ఇంటికొచ్చిన అభ్యర్థిని, అవతలివాడికంటే ఎంత ఎక్కువ ఇస్తావని కాకుండా, అవతలివాడు చేయనిది ఏం చేస్తావని అడుగుదాం. జవాబు రాకపోతే కనీసం ఎదురింటివాడితో మాట్లాడటం మళ్ళీ మొదలుపెడదాం.