బోధన్ దస్త్రాలు: చదివే తరం తరిగిపోతున్న వేళ

తెలంగాణలో భూమి తగాదా కోర్టుకెక్కితే వకీలు ముందుగా అడిగేది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అంతకు వెనక్కి వెళ్లాలంటే సేత్వార్, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ అనే పాత రెవెన్యూ పుస్తకాలు తిరగేయాలి. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో వీటిలో పాతవి ఉర్దూలో, తరచుగా షికస్తా గొలుసుకట్టు రాతలో ఉంటాయి. సంవత్సరాలు ఫసలీ అనే రెవెన్యూ లెక్కలో ఉంటాయి. 590 కలిపితేగాని క్రీస్తుశకం తేలదు. దస్త్రాల రక్షణ అనగానే చెదలు, తడి, స్కానింగ్ గురించే మాట్లాడుతున్నాం. ఇక్కడ అసలు కొరత చదవగలిగిన మనుషులదని ఈ వ్యాసం వాదన.

ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ కాలంలో దస్త్రం ఒక ఇంట్లో ఉండేది. తండ్రి పక్కన కూర్చుని కొడుకు రాత నేర్చేవాడు. ఏ సర్వే నంబరులో ఏ అన్నదమ్ములు ఎలా పంచుకున్నారో కొంత పుస్తకంలో, కొంత పట్వారీ నోట ఉండేది. ఆ పెత్తనం పేదలకు చేసిన అన్యాయం తక్కువది కాదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేయడం న్యాయమే. అయితే ఆ ఇళ్లలోని చదువును రెవెన్యూ శాఖ తన చేతిలోకి తీసుకోలేదు. తరువాతి తరం ఉద్యోగులు తెలుగులో చదివి, పరీక్షలు రాసి, బదిలీల మీద తిరిగినవారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) వ్యవస్థనూ రద్దు చేశారు. ఆ ఏడాది అక్టోబర్ 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైంది.

నిజాంసాగర్ ఆయకట్టులో చిక్కు మరింత లోతైనది. 1931 నాటికి మంజీర మీద ప్రాజెక్టు పూర్తయ్యాక కోస్తా రైతులు వచ్చి, భూములు కొని, క్యాంపులనే ఊళ్లు కట్టుకున్నారు. కొన్న రైతుది తెలుగు, పట్టాది ఉర్దూ. కొన్న మొదటి తరమే తన కాగితాన్ని ఇంకొకరి చేత చదివించుకుంది. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు, కౌళ్లు పహాణీలోని అనుభవదారు కాలమ్‌లో ఏదో ఒక రూపంలో జాడ మిగిల్చేవి. ధరణి ఆ కాలమ్‌ను తీసేసింది. ఫోనులో పట్టాదారు పేరు చూసుకునే నేటి యువకుడికి, తన తాత ఆ పొలాన్ని ఏ హక్కుతో దున్నాడో అందులో కనిపించదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. గ్రామ పాలన అధికారుల నియామకంతో పాత వీఆర్వోలు, గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్ఏలు) కొందరు మళ్లీ ఊళ్లకు చేరారు. ఇది మంచి అడుగే, కానీ వారిలోనూ షికస్తా చదవగలిగినవారు అరుదు.

ఈ నేల దస్త్రాలు రెవెన్యూ శాఖవే కావు. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకు అగ్రిమెంట్లు, తూకం చీటీలు, కార్మికుల సర్వీసు పుస్తకాలు ఆ నేల చరిత్రలో భాగం. రెవెన్యూ దస్త్రానికున్నపాటి చట్టం అండ వీటికి లేదు. కాబట్టి ముందు కాపాడవలసినవి ఇవేనని నా అభిప్రాయం.

ఇక ఉర్దూ దస్త్రాలు చదివే మనుషుల మాటకొస్తే, బోధన్‌లో, నిజామాబాద్‌లో ఇప్పటికీ ఉర్దూ ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడి యువతకు అచ్చు ఉర్దూ వచ్చు, కావలసింది పాత చేతిరాతలో శిక్షణ. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం, తార్నాకలోని రాష్ట్ర పురాతన దస్త్రాల భాండాగారం కలిసి ఆ శిక్షణ ఇవ్వగలవు. రిటైరైన రెవెన్యూ ఉద్యోగులను విద్యార్థుల పక్కన కూర్చోబెట్టి, సేత్వార్‌లను ఊరివారీగా తెలుగులోకి ఎత్తిరాయించాలి. స్కాన్ చేసిన ప్రతి పుట పక్కన ఆ తెలుగు పాఠం, దాన్ని చదివినవారి పేరు ఉండాలి.